ఎక్కడం తేలికే, దిగడమే కష్టం: విద్యుత్ వాహన షేర్ల ట్రేడింగ్‌పై ఒక సమీక్ష

2024లో టెస్లా 17,89,226 కార్లను కొనుగోలుదారులకు అందించింది. 2023లో అందించినవి 18,08,581. పెద్ద ఎత్తున కార్లు తయారు చేయడం మొదలుపెట్టాక ఆ కంపెనీకి ఏడాది లెక్క తగ్గడం అదే మొదటిసారి. షేరు మాత్రం ఆ ఏడాది దాదాపు 63 శాతం పెరిగింది. సరిగ్గా దీనికి ఎదురు కథ రివియన్‌ది. 2021 నవంబరులో 78 డాలర్లకు షేర్లు జారీ చేసిన ఆ అమెరికన్ కంపెనీ షేరు వారం తిరగకముందే 179 డాలర్లు తాకింది. అప్పటికి కొన్నాళ్ల ముందటి లెక్క ప్రకారం అది అందించిన బండ్లు రెండొందలు కూడా లేవు, వాటిలోనూ ఎక్కువ సొంత ఉద్యోగులకే వెళ్లాయి. 2023 నాటికి ఏడాదికి 57 వేల బండ్లు తయారు చేసే స్థాయికి కంపెనీ ఎదిగింది. 2024 ఏప్రిల్‌లో షేరు 10 డాలర్ల కిందికి దిగింది.

బండ్లు తగ్గినచోట షేరు లేచింది, బండ్లు పెరిగినచోట షేరు పడింది. ఈ రంగంలో కొని అమ్ముదామనుకునేవాళ్లు ముందుగా జీర్ణించుకోవలసిన సంగతి ఇదే. రేపటి రోజులు కరెంటు బండ్లవేనన్న జోస్యం తప్పలేదు. 2020లో ప్రపంచమంతటా అమ్ముడైన విద్యుత్ కార్లు సుమారు 30 లక్షలైతే, 2024లో 1.7 కోట్లు. ఆ జోస్యాన్నే నమ్మి 2021లో రివియన్, లూసిడ్, నియో షేర్లను ఊపు మీదున్నప్పుడు కొన్నవాళ్లకు 2024 నాటికి పెట్టిన డబ్బులో పదో వంతు మిగిలితే గొప్ప. బండి గురించి మన అంచనా నిజం కావడం వేరు, షేరులో డబ్బు రావడం వేరు. టీవీ చర్చల్లోనూ, టెలిగ్రామ్ టిప్పుల్లోనూ ఈ రెండూ ఒకటేనన్నట్టు మాట్లాడుతుంటారు. నష్టాల్లో సగం అక్కడే పుడుతున్నాయని నా అభిప్రాయం.

మామూలు కంపెనీ షేరుకు ఈ ఏడాది లాభం ఒక లంగరు. సిమెంటు కంపెనీకో, బ్యాంకుకో లాభం ఎంత, దానికి ఎన్ని రెట్లు ధర పలుకుతోంది అని చూసుకుంటే ఎక్కువ ధరో తక్కువ ధరో ఒక మోస్తరుగా తేలుతుంది. విద్యుత్ వాహన కంపెనీల్లో చాలావాటికి లాభమే లేదు. ఉన్నవాటికి కూడా ధర పదేళ్ల తర్వాత వచ్చే లాభాన్ని ఊహించి వేసిందే. పదేళ్ల తర్వాతి రూపాయిని ఈ రోజు విలువలోకి దించేటప్పుడు వడ్డీ రేటు ఒక శాతం మారినా లెక్క తారుమారవుతుంది. 2022లో అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీలు పెంచుకుంటూ పోయింది. అదే ఏడాది టెస్లా అధినేత ఎలాన్ మస్క్ ట్విటర్ కొనడానికి సొంత టెస్లా షేర్లు విడతలుగా అమ్మాడు. ఈ రెండిటి దెబ్బకు టెస్లా షేరు ఆ ఒక్క ఏడాదిలో 65 శాతం కుంగింది. ఆ ఏడాది కంపెనీ కార్ల అమ్మకాలూ లాభమూ పెరిగాయన్నది గుర్తుంచుకోవాలి.

లంగరు లేని షేరు మరి దేన్ని పట్టుకుని నడుస్తుంది? ప్రకటనను పట్టుకుని. ఆర్డరు వచ్చిందన్న ప్రకటన, కొత్త ఫ్యాక్టరీ ప్రకటన, సబ్సిడీ ప్రకటన, కొత్త మోడల్ ప్రకటన. అందులో అన్నిటికన్నా బలమైంది ఆర్డరు. కనుక దాని దగ్గర కాస్త ఆగుదాం.

2021 అక్టోబరు 25న అద్దె కార్ల కంపెనీ హెర్ట్జ్ లక్ష టెస్లా కార్లు కొంటున్నట్టు చెప్పింది. ఆ ఒక్కరోజే టెస్లా షేరు 13 శాతం దాకా ఎగిసి, కంపెనీ మార్కెట్ విలువ మొదటిసారి లక్ష కోట్ల డాలర్లు దాటింది. వారం తర్వాత మస్క్ తాపీగా, ఇంకా ఏ ఒప్పందం మీదా సంతకం కాలేదని ట్వీట్ చేశాడు. 2024 జనవరికల్లా హెర్ట్జ్ తన దగ్గరున్న విద్యుత్ కార్లలో 20 వేలను అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. మొదటి ప్రకటన వచ్చినపుడు షేరు కొన్న ట్రేడరు లాభపడ్డాడా నష్టపోయాడా అన్నది అతను ఏ రోజు బయటపడ్డాడన్న దాని మీదే ఆధారపడింది. కార్లకు అందులో పాత్ర లేదు.

మన దగ్గర ఇంకా ఘాటైన ఉదాహరణ జెన్సోల్ ఇంజనీరింగ్. బ్లూస్మార్ట్ టాక్సీలకు విద్యుత్ కార్లు కొని అద్దెకిచ్చిన కంపెనీ ఇది. 2025 జనవరి 28న, తాను భారత్ మొబిలిటీ ఎక్స్‌పోలో ప్రదర్శించిన విద్యుత్ కార్లకు 30 వేల ముందస్తు ఆర్డర్లు వచ్చాయని స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలిపింది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ కాగితాలు తెప్పించి చూస్తే, అవి తొమ్మిది సంస్థలతో 29 వేల కార్లకు రాసుకున్న అవగాహన పత్రాలు. కొనాలనే ఉద్దేశం ఉందన్న మాట తప్ప వాటిలో కారు ధరా లేదు, డెలివరీ తేదీలూ లేవు. ఏప్రిల్ 9న ఎన్‌ఎస్‌ఈ అధికారి పుణె దగ్గర చాకన్‌లోని ఆ కార్ల ప్లాంటుకు వెళ్తే అక్కడ తయారీ జాడే కనిపించలేదు, ఇద్దరు ముగ్గురు కూలీలు ఉన్నారు. కరెంటు బిల్లులు అడిగితే, అంతకు ముందటి పన్నెండు నెలల్లో అన్నిటికన్నా పెద్దది 2024 డిసెంబరు బిల్లు: సుమారు రూ.1.57 లక్షలు. కార్ల ఫ్యాక్టరీకి నెలకు లక్షన్నర కరెంటు బిల్లు! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం.

ఏప్రిల్ 15న సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో ఇంకా పెద్ద సంగతులున్నాయి. ప్రభుత్వ రంగ రుణ సంస్థలైన ఇరెడా, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ల నుంచి తెచ్చిన అప్పులో 6,400 కార్లు కొనడానికి ఉద్దేశించిన డబ్బుంది. కొన్నవి 4,704. లెక్క తేలని మొత్తం రూ.262 కోట్లు. గురుగ్రామ్‌లో ఖరీదైన ఫ్లాటు మొదలు గోల్ఫ్ సెట్టు దాకా డబ్బు ఎటెటు పోయిందో ఉత్తర్వు వివరించింది. 2024 జూన్‌లో రూ.1,100 పైన పలికిన షేరు ఈ ఉత్తర్వు నాటికే రూ.130 దరిదాపుల్లో ఉంది. మోసం బయటపడింది కాబట్టి షేరు పడిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉత్తర్వు వచ్చేసరికి పడాల్సింది దాదాపుగా పడిపోయింది. మార్చి మొదటివారంలో రేటింగ్ సంస్థలు అప్పుల రేటింగ్‌ను 'డి'కి దించినప్పుడే కథ తెలిసిపోయింది. అప్పటికే చిన్న మదుపరులు పెద్ద సంఖ్యలో చేరి, కంపెనీలో వాటాదారుల సంఖ్య లక్ష దాటింది.

హైదరాబాదు కంపెనీ ఒలెక్ట్రా గ్రీన్‌టెక్ కథ వేరు. దీనికి నిజంగా ఫ్యాక్టరీ ఉంది, రోడ్డు మీద బస్సులున్నాయి. పూర్వం గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్‌గా ఉన్నదాన్ని మేఘా గ్రూపు చేతిలోకి తీసుకుంది, సాంకేతికత చైనాకు చెందిన బీవైడీది. శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే ఎలక్ట్రిక్ బస్సు ఎక్కినవాళ్లకు, తిరుమల ఘాట్ రోడ్డులో చప్పుడు లేకుండా ఎక్కే బస్సు చూసినవాళ్లకు ఈ కంపెనీ సరుకు పరిచయమే. తెలుగువాళ్ల డీమ్యాట్ ఖాతాల్లో ఇది తరచుగా కనిపించడానికి ఆ పరిచయం కూడా ఒక కారణం అనుకుంటాను. 2020 మార్చిలో రూ.100 లోపున్న షేరు 2024 ఫిబ్రవరిలో రూ.2,200 దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో రూ.1,000 దగ్గరకు వచ్చింది. దాన్ని లేపడంలోనూ ఆ తర్వాత దించడంలోనూ పాత్ర ఉన్న ఆర్డరు ఒకటుంది: మహారాష్ట్ర ఆర్టీసీ 2023 జూలైలో ఇచ్చిన 5,150 బస్సుల ఆర్డరు, విలువ రూ.10 వేల కోట్ల పైమాట. బస్సులు గడువుకు అందడం లేదని ఆ ఒప్పందం రద్దు చేయమని మహారాష్ట్ర రవాణా మంత్రి ఆదేశించారన్న వార్త 2025 మేలో రాగానే షేరు దబ్బున పడింది. ఇక్కడ ఆర్డరు అబద్ధం కాదు. కానీ కొనేది ప్రభుత్వ రవాణా సంస్థ, డబ్బు సబ్సిడీతో ముడిపడింది, నెలకు ఎన్ని బస్సులు కట్టగలరన్నది ఫ్యాక్టరీ సామర్థ్యం. వీటిలో ఏ ఒక్కటి బిగుసుకున్నా ఆర్డరు కాగితమే.

సబ్సిడీ విషయం త్వరగా ముగించవచ్చు. 2023 జూన్ 1 నుంచి ఫేమ్-2 సబ్సిడీ పథకం కింద ద్విచక్ర వాహనాలకిచ్చే రాయితీ పరిమితిని ధరలో 40 శాతం నుంచి 15 శాతానికి కేంద్రం తగ్గించింది. ఆ పథకం 2024 మార్చితో ముగిసింది, తర్వాత తాత్కాలిక పథకం, ఆపైన పీఎం ఈ-డ్రైవ్. ఒక జీవో మీద లాభం ఆధారపడిన వ్యాపారంలో ఉన్నప్పుడు ట్రేడరు గజెట్ కూడా చదవాలి. అంతే.

యజమాని నోటి సంగతి అలా తేలిపోయేది కాదు. 2018 ఆగస్టు 7న మస్క్, టెస్లాను షేరుకు 420 డాలర్ల చొప్పున కొని మార్కెట్ నుంచి తప్పించే ఆలోచనలో ఉన్నాననీ నిధులు సిద్ధమనీ ట్వీట్ చేశాడు. షేరు ఆ రోజు 11 శాతం లేచింది. సెప్టెంబరు చివర్లో అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ దావా వేసిన మర్నాడు 14 శాతం పడింది. మస్క్, కంపెనీ చెరి రెండు కోట్ల డాలర్ల జరిమానా కట్టి రాజీపడ్డారు, మస్క్ చైర్మన్ పదవిని మూడేళ్లపాటు వదులుకోవలసి వచ్చింది. 2020 మే 1న అదే మనిషి, తన కంపెనీ షేరు ధర మరీ ఎక్కువగా ఉందని తానే ట్వీట్ చేస్తే ఆ రోజు 10 శాతం పోయింది. 2025 జూన్ 5న ట్రంప్‌తో మాటల యుద్ధం జరిగిన రోజున 14 శాతం. ఈ నాలుగు రోజుల్లోనూ ఫ్యాక్టరీలో మారిందేమీ లేదు.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 2024 అక్టోబరు 6 ఆదివారం నాడు ఓలా ఎలక్ట్రిక్ అధినేత భవీష్ అగర్వాల్, సర్వీసు సెంటర్ ముందు పేరుకుపోయిన స్కూటర్ల ఫొటో పెట్టిన హాస్యనటుడు కునాల్ కామ్రాతో ఎక్స్‌లో వాదులాటకు దిగాడు. సోమవారం షేరు 8 శాతానికి పైగా పడింది. అదే రోజు, ఏడాది కాలంలో జాతీయ హెల్ప్‌లైన్‌కు చేరిన పదివేల పైచిలుకు ఫిర్యాదులపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆ కంపెనీకి నోటీసు ఇచ్చింది. డిసెంబరు 2న దుకాణాల సంఖ్యను 4,000కు పెంచుతున్నామన్న కబురును ఆయన ఉదయం పది కాకముందే ఎక్స్‌లో పెట్టాడు. స్టాక్ ఎక్స్ఛేంజీలకు కంపెనీ చెప్పింది మధ్యాహ్నం ఒంటిగంట దాటాక. ట్రేడింగ్ మొదలయ్యేది తొమ్మిదింపావుకు, ముగిసేది మూడున్నరకు. అంటే ఒక రోజు వ్యాపారంలో సగానికి పైగా, ఎక్స్ చూసేవాడికి ఒక సమాచారం, ఎక్స్ఛేంజి వెబ్‌సైటు నమ్ముకున్నవాడికి ఇంకో సమాచారం. ఇందుకు 2025 జనవరిలో సెబీ కంపెనీకి హెచ్చరిక లేఖ పంపింది. హెచ్చరికతో సరిపెట్టడం నాకు తక్కువే అనిపించింది.

ఓలా షేరు ప్రయాణాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఈ రంగంలో చిన్న ట్రేడరు ఎలా ఇరుక్కుంటాడో అందులో మొత్తం ఉంది. 2024 ఆగస్టులో రూ.76కి ఐపీవో. 9న రూ.76 దగ్గరే లిస్టయింది, లాభమేమీ లేదని నిట్టూర్చేలోపే 20 శాతం అప్పర్ సర్క్యూట్ కొట్టి రూ.91.20కి చేరింది. 20వ తేదీకి రూ.157.40. పదకొండు రోజుల్లో రెట్టింపు. అదే దాని శిఖరం. నవంబరుకు ఐపీవో ధర కిందికి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో 25 వేల స్కూటర్లు అమ్మామని కంపెనీ అంది. ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో ఆ నెల రిజిస్ట్రేషన్లు సుమారు 8,600. రిజిస్ట్రేషన్ ఏజెన్సీలతో ఒప్పందాలు మారుస్తున్నందువల్ల తేడా వచ్చిందన్నది కంపెనీ సమాధానం. జూన్‌లో హ్యుందాయ్ తన వాటా మొత్తాన్ని షేరుకు రూ.50.70 చొప్పున అమ్మి వెళ్లిపోయింది. జూలైలో ధర రూ.40 కిందికి దిగింది. అదే నెల 14న ఏప్రిల్-జూన్ ఫలితాలు వచ్చాయి. నష్టం రూ.428 కోట్లు. అయినా షేరు ఒక్కరోజులో 18 శాతం లేచింది, ఎందుకంటే ముందటి మూడు నెలల్లో నష్టం రూ.870 కోట్లు. సెప్టెంబరుకు రూ.70 దాకా పాకి, డిసెంబరులో రూ.35 కిందికి పడింది. ఆ నెలలోనే వ్యవస్థాపకుడు రూ.260 కోట్ల వ్యక్తిగత అప్పు తీర్చి తాకట్టు షేర్లు విడిపించుకోవడానికి కొంత వాటా అమ్మాడు.

ఈ మెట్లలో 'యావరేజ్' చేసుకుంటూ వచ్చినవాడి లెక్క వేద్దాం. రూ.140 దగ్గర 100 షేర్లు కొన్నాడు. పడింది, చౌక అనుకుని రూ.110 దగ్గర మరో 100. ఇంకా పడింది, ఐపీవో ధర దగ్గరకొచ్చింది, ఇంతకన్నా ఎటు పడుతుందిలే అని రూ.80 దగ్గర ఇంకో 100. పెట్టింది రూ.33 వేలు, సగటు ధర రూ.110. షేరు రూ.40కి వచ్చినపుడు చేతిలో ఉన్నది రూ.12 వేలు. అసలు తిరిగి రావాలంటే షేరు 175 శాతం పెరగాలి. ట్రేడింగ్‌కని కొన్నవాడు నష్టం ఒప్పుకోలేక దీర్ఘకాల మదుపరి అవతారం ఎత్తడం ఇలాగే జరుగుతుంది. 'లాంగ్ టర్మ్‌కి ఉంచుకున్నానండీ' అని చెప్పే మాట చాలా సందర్భాల్లో అమ్ముకోలేకపోయాననడానికి మర్యాదైన రూపం.

ఇక అసలు సమస్య: దిగడం. పుస్తకాలూ, యూట్యూబ్ పాఠాలూ చెప్పే మొదటి సూత్రం స్టాప్‌లాస్ పెట్టుకోమని. టెస్లా లాంటి షేరులో అది పగటిపూట కొంతవరకు పనిచేస్తుంది, కొనేవాడు ఎప్పుడూ ఉంటాడు కనుక. అక్కడ ఇబ్బంది రాత్రికి రాత్రి వచ్చే గ్యాపు. ఫలితాలు మార్కెట్ మూసేశాక వస్తాయి. 2024 అక్టోబరులో అలా వచ్చిన ఫలితాలతో మర్నాడు షేరు 22 శాతం ఎగిసింది. పడుతుందని పందెం కాసినవాడి స్టాప్‌లాస్ ఎక్కడ ఉన్నా ఉపయోగం లేకపోయింది. జెన్సోల్ లాంటి షేరులో పరిస్థితి ఇంకా అన్యాయం. ధర రోజుకు ఇంతకు మించి పడకూడదని లోయర్ సర్క్యూట్ ఉంటుంది. పొద్దున్నే సర్క్యూట్ తాకితే అమ్మేవాళ్ల వరుస లక్షల షేర్లకు పెరుగుతుంది, కొనేవైపు సున్నా. స్టాప్‌లాస్ ట్రిగ్గర్ అవుతుంది గానీ ఆర్డరు అమలు కాదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ధర తగ్గకుండా కాపాడడానికి పెట్టిన ఏర్పాటు ఇక్కడ లోపలున్నవాళ్లను బయటికి రానివ్వని గడియగా మారుతుంది. అందుకే ఆటుపోట్లంటే అన్నీ ఒకటి కావు. టెస్లాది రెండువైపులా ఊగే ఊగిసలాట. ఓలాది మధ్యమధ్య మెట్లున్న దిగుడు. జెన్సోల్‌ది నేరుగా బావి. చార్టు మీద మూడూ 'వొలటైల్' షేర్లే. ట్రేడరుకు వీటి మధ్య ఉన్న తేడాయే సర్వస్వం.

పడేవైపు పందెం కాసి గెలవొచ్చు కదా అన్న వాదన ఉంది. నికోలా విషయంలో గెలిచారు. హైడ్రోజన్ ట్రక్కు రోడ్డు మీద పరుగులు తీస్తున్నట్టు వీడియో తీసిన ఆ కంపెనీ, నిజానికి ట్రక్కును యూటా రాష్ట్రంలో ఒక వాలు మీద నుంచి దొర్లించిందని 2020 సెప్టెంబరులో షార్ట్ సెల్లింగ్ సంస్థ హిండెన్‌బర్గ్ నివేదిక బయటపెట్టింది. అంతకు మూడు నెలల ముందు మార్కెట్ విలువలో అది ఫోర్డును దాటింది! 2025 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. దీని వ్యవస్థాపకుడికి నాలుగేళ్ల శిక్ష పడింది, తర్వాత ట్రంప్ క్షమాభిక్ష కూడా దొరికింది. టెస్లా మీద మాత్రం షార్ట్ చేసినవాళ్లు 2020 ఒక్క ఏడాదిలో సుమారు 4,000 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారు. ఆ ఏడాది షేరు 740 శాతం పైగా పెరిగింది. ధర అతిగా ఉందన్న వాళ్ల లెక్కలు తప్పని ఎవరూ రుజువు చేయలేదు. డబ్బు మాత్రం ముందుగా అయిపోయింది.

సెబీ అధ్యయనాలు ఈ రంగానికే ప్రత్యేకం కాదు, కానీ ఇక్కడ పెట్టుకోక తప్పదు. 2022-23లో నగదు విభాగంలో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో పదిమందికి ఏడుగురు నష్టపోయారు. ముప్ఫై ఏళ్ల లోపువాళ్లలో ఆ వాటా 76 శాతం. ఫ్యూచర్స్, ఆప్షన్లలో 2024-25లో 91 శాతం మందికి నష్టమే, మొత్తం మీద రూ.1.05 లక్షల కోట్లు. ఊగిసలాట ఎక్కువున్న షేర్లు ఎంచుకుంటే ఈ లెక్కలు మెరుగవుతాయని నమ్మడానికి నాకు ఏ ఆధారమూ దొరకలేదు.

ఇండియాలో ఉంటూ టెస్లాలో ట్రేడింగ్ చేద్దామనుకునేవాళ్లు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో తగినంతమంది ఉన్నారు. వాళ్లకు రెండు మాటలు. రిజర్వు బ్యాంకు ఉదార చెల్లింపుల పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపి షేర్లు కొనుక్కోవచ్చు, కానీ మార్జిన్ మీద ఆడడానికి ఆ డబ్బు పంపకూడదు. ఏడాదిలో పంపింది రూ.10 లక్షలు దాటితే ఆ పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్ (మూలంలోనే వసూలు చేసే పన్ను) ముందే కోస్తారు. రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కున్నట్టే. రెండేళ్ల లోపు అమ్మితే వచ్చే లాభం మీ శ్లాబు ప్రకారం పన్నులోకి పోతుంది. ముప్ఫై శాతం శ్లాబులో ఉన్నవాడు అక్కడ గెలిచిన ప్రతి వందలో ముప్ఫై పైచిలుకు ఇక్కడ కట్టాలి. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపడం మర్చిపోతే ఆ తలనొప్పి వేరు. పైగా అమెరికా మార్కెట్ మనకు వేసవిలో సాయంత్రం ఏడుకు తెరిచి అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు మూస్తారు. చలికాలంలో మరో గంట ఆలస్యం. టెస్లా ఫలితాలు వచ్చేది ఆ తర్వాతే. పొద్దున్నే స్టాండప్ మీటింగ్ ఉన్నవాడు ఈ షేరును ట్రేడ్ చేయడమంటే నిద్రతో కూడా పందెం కాయడమే. డల్లాస్‌లోనో, ఆస్టిన్‌లోనో ఉన్న మనవాళ్లకు ఈ బాధలు లేవు. వాళ్ల ప్రమాదం వేరు, చేతికందేటంత దగ్గరలో వారం వారం ముగిసే ఆప్షన్లున్నాయి.

ఇంతకీ ఈ రంగంలో డబ్బు చేసుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. 2008లో బర్క్‌షైర్ హాథవే బీవైడీలో 22.5 కోట్ల షేర్లను 23 కోట్ల డాలర్లకు, అంటే షేరు 8 హాంకాంగ్ డాలర్లకు కొంది. 2022 ఆగస్టులో అమ్మడం మొదలుపెట్టేసరికి విలువ ఇరవై రెట్లు దాటింది. మధ్యలో 2009 నుంచి 2011 లోపు అదే షేరు 80 శాతానికి పైగా పడింది. 2010లో 17 డాలర్లకు జారీ అయిన టెస్లా షేరు, తర్వాతి విభజనలు లెక్కేస్తే 1.13 డాలర్లకు వచ్చినట్టు. అది 2024 చివరికి 400 పైన ఉంది. ఈ దారిలో కూడా 2020 ఫిబ్రవరి-మార్చిలో ఒక్క నెలలో 60 శాతం, 2022లో 65 శాతం పతనాలున్నాయి. ఈ పతనాలన్నిటినీ దాటి చివరిదాకా ఉండి లాభపడినవాళ్లలో స్టాప్‌లాస్ పెట్టుకున్నవాడు ఉండడం కష్టం. మరో ఉదాహరణ ఏథర్. ఓలా లాగే స్కూటర్ల కంపెనీ, ఓలా లాగే నష్టాలు, 2024-25లో రూ.812 కోట్లు. 2025 మేలో రూ.321 ఐపీవో ధరతో లిస్టయిన తొలిరోజే ఆ ధర కింద ముగిసింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అక్టోబరుకు రూ.600 దాటింది. ఆర్భాటంగా మొదలైంది పడింది, చప్పగా మొదలైంది లేచింది. రెండు షేర్లతో సూత్రం కట్టను గానీ, లిస్టింగ్ రోజు ఊపు చూసి దూకేవాళ్లు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

నా తీర్పు చెప్పేస్తాను. రోజువారీ ట్రేడింగ్‌కు, అందులోనూ అప్పు మార్జిన్‌తో, ఈ షేర్లు పనికిరావు. ప్రకటన ఎప్పుడొస్తుందో, ఏం వస్తుందో మీకన్నా ముందు తెలిసేవాళ్లు ఎదుటివైపు ఉన్నారు. వారాలూ నెలలూ పట్టుకునే ట్రేడింగ్ చేయదలిస్తే నాలుగు సంగతులు ముందే చూసుకోవాలి: ఆ షేరుకు సర్క్యూట్ పరిమితి ఎంత, ప్రమోటర్ల వాటాలో తాకట్టు ఎంత, ఐపీవోకు ముందటి వాటాదారుల లాకిన్ ఎప్పుడు తీరుతుంది, చేతిలో ఉన్న నగదు ఎన్ని త్రైమాసికాల నష్టానికి సరిపోతుంది. నాలుగూ ఎక్స్ఛేంజి వెబ్‌సైటులోనూ, కంపెనీ ఫలితాల్లోనూ ఉచితంగా దొరుకుతాయి. మొదటిదానికి జవాబు 5 శాతం అయి, రెండోదానికి సగం పైన అయితే ఆ షేరు వైపు వెళ్లకండి. మొత్తం పోయినా ఇంట్లో నెల సరుకులకు తేడా రానంత డబ్బుతో, డెలివరీ తీసుకుని, ఒక్కసారి కొని వదిలేసేవాళ్లతో నాకు పేచీ లేదు.

సెబీకి మాత్రం ఒక విన్నపం. విద్యుత్ వాహన కంపెనీ 'ఆర్డరు' అని రాసి పంపే ప్రతి ప్రకటనలో మూడు గడులు తప్పనిసరి చేయాలి: అందిన అడ్వాన్సు ఎంత, డెలివరీ తేదీలేవి, రద్దయితే కొనుగోలుదారు కట్టే పరిహారం ఎంత. నెలవారీ అమ్మకాలు చెప్పేటప్పుడు పక్కనే వాహన్ రిజిస్ట్రేషన్ల సంఖ్య కూడా ఇవ్వాలి. చాలా ఏళ్లపాటు తెలంగాణ రిజిస్ట్రేషన్లు వాహన్ లెక్కలో కలవలేదు కాబట్టి, ఏ రాష్ట్రం కలిసింది, ఏది కలవలేదన్నదీ అక్కడే రాయాలి. జెన్సోల్ విషయంలో జనవరి 28నే ఆ గడులు ఉండి ఉంటే మూడూ ఖాళీగా కనిపించేవి.